కాలవలో పడక్కుర్చీ

ఏంటయ్యా యుగంధర్, మోకాలు వంచమంటే కాలవ వైపు చూస్తారేంటి తాతగారూ అంటావా. వంచుతున్నాను కదా. కన్ను ఒకచోట, కాలు ఒకచోట ఉంటే నీ ఫిజియోథెరపీకి వచ్చిన నష్టమేంటి? ఆపరేషన్ చేసింది మోకాలికి గానీ మెడక్కాదుగా. నువ్వా పడక్కుర్చీ కాస్త ఇటు జరుపుకుని సుఖంగా కూర్చో, ఫోన్లో టైమర్ పెట్టుకో, నేను వంచుతూ ఉంటాను. గుమ్మం దాటకూడదని మా కోడలు వెంకటదుర్గ ఆర్డరేసింది, కాబట్టి ఎక్కడికీ పారిపోను. కాలవలో ఏముంది, ఎండిపోయిందిగా అంటావేమో. అదే చెప్తున్నాను. ఎండిపోయిన కాలవని చూస్తే నాకు మా పాపాయత్త గుర్తొస్తుంది. నెప్పిగా ఉందా అనడిగితే, "నెప్పిని అడగరా, నాకేం తెలుసు" అనే మనిషి.

పాపాయత్త మా నాన్న చెల్లెలు. పోయి చాలాకాలమైంది, నువ్వప్పటికి పుట్టి ఉండవు. భారీ మనిషి. అరుగు మీద నడిచొస్తుంటే పిల్లి లేచి దారిచ్చేది. బుద్ధి మాత్రం చిన్నపిల్లల దగ్గరే ఆగిపోయింది. ఆగిపోయిందేంటి, ఆవిడే ఆపేసుకుంది. పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర వెనకనుంచి వెళ్ళి వియ్యంకుడి కండువా పక్కాయన కండువాకి ముడేసేది. ఇద్దరూ చేతులు కడుక్కోడానికి లేచేవారు, లేచి ఒకరి మీద ఒకరు పడేవారు. ఎవర్రా ఈ పని చేసిందీ అని మగపెళ్ళివారు పిల్లల్ని కేకలేస్తుంటే ఈవిడ ఎంతో పెద్దమనిషిలాగా, "కాలం మారిపోయిందండీ, పిల్లలకి భయం లేదు" అనేది. నేను చూశాను నా కళ్ళతో. పాపం ఆ దెబ్బలన్నీ మా తమ్ముడు సురేంద్ర తిన్నాడు.

అది ఒక్కటే అయితే అల్లరి అనుకుని ఊరుకోవచ్చు. ఇంకోటి ఉండేది ఆవిడకి. ఏ వస్తువు పనిచేసి పెట్టినా పలకరించేది. రుబ్బడం అయ్యాక రోలుని తట్టి "ఇవాళ్టికి చాలమ్మా, పడుకో" అనేది. ఒకసారి అన్నవరం వెళ్ళొస్తూ పాలకొల్లు బస్టాండులో దిగేం. దిగిందా, బస్సు వెనక్కెళ్ళి ఎద్దుని తట్టినట్టు తట్టింది. "బాగా మోసేవురా నాయనా, వెళ్ళి కాసేపు నీడపట్టున ఉండు" అంది. కండక్టరు కుర్రాడు, "నన్నా అండీ?" అన్నాడు. "నిన్ను కాదు, దీన్ని. నీకూ కావాలంటే రా, నిన్నూ తడతాను." ఆ అబ్బాయి నిజంగానే వచ్చి వంగేడయ్యా. వీపు మీద ఒక్కటి తట్టింది. ఆ చప్పుడు బస్టాండంతా వినపడింది. నాకు సిగ్గేసి చచ్చేను. ఎందుకత్తా ఇవన్నీ అంటే, "మనకి పని చేసిపెట్టినవాళ్ళని ఓ మాట పలకరించకపోతే ఎలారా సత్తిబాబూ" అనేది. అంతే. అంతకంటే పెద్ద మాటలు ఆవిడ దగ్గర లేవు.

వంచుతున్నానయ్యా, చూడు, నిన్నటికంటే ఎక్కువే వంగింది. సరే, కాలవ. వేసవిలో కాలవలు కట్టేస్తారు, పూడికలు తీస్తారు, నీకు తెలుసు. మనది శివారు ఊరు. ధవళేశ్వరంలో ఎప్పుడో వదిలిన నీళ్ళు ఊళ్ళన్నీ తిరిగి తిరిగి తీరిగ్గా మన దగ్గరికొస్తాయి. మొదట కొంగలొస్తాయి. వాటి వెనకాల ఎండుటాకులు, నురగ, పుల్లలూ పుడకలూ అన్నీ దొర్లించుకుంటూ నీళ్ళు. నడిచే మనిషంత జోరే ఉంటుంది. ఇప్పుడైతే ముందు ప్లాస్టిక్ గ్లాసులొస్తున్నాయి, ఆ గొడవ మళ్ళీ చెప్తాను. పాపాయత్త ఏం చేసేదంటే, పై ఊరి వంతెన దగ్గర ఎండిన కాలవలోకి దిగి, ఆ నీళ్ళకి ముందు నడుచుకుంటూ మన రేవుదాకా వచ్చేది. వెంట పిల్లా పీచూ, మాలాంటి గాడిదలూ. నీళ్ళు ఎవరి కాలికి ముందు తగిలితే వాళ్ళు ఓడిపోయినట్టు, వాళ్ళు అందరికీ పుణుగులు కొనిపెట్టాలి. రేవు దగ్గరికొచ్చాక ఆగిపోయి, నీళ్ళకి బెల్లంముక్క వేసి, "ఏం తల్లీ, ఇంతాలస్యమైంది, దారిలో ఎవరింట్లో భోంచేసేవు?" అని అడిగేది. చుట్టం ఇంటికొస్తే మనం కాళ్ళకి నీళ్ళివ్వాలా? ఈ చుట్టానికేం ఇస్తాం, తనే నీళ్ళాయె. "వచ్చిన చుట్టమే మన కాళ్ళు కడుగుతోందిరా, కాస్త సిగ్గుపడండి" అనేది. మేం సిగ్గుపడుతూ నిలబడేవాళ్ళం. చల్లగా ఉండేది.

ఇంక మావయ్య. హరిబాబు మావయ్య, అత్త మొగుడు. లాకుల దగ్గర ఉద్యోగం. గేటు ఎత్తడం, దించడం ఆయన చేతిమీదుగానే. ఈవిడెంత తేలికో ఆయనంత బరువు. కాఫీ తాగినా సంతకం పెడుతున్నట్టు తాగేవారు. "నేను వదిలే నీళ్ళ ముందు నా పెళ్ళాం గెంతడమేంటి, డిపార్టుమెంటులో తలెత్తుకోలేకపోతున్నాను" అని ప్రతీ ఏడూ అనేవారు. ఈవిడ ప్రతీ ఏడూ, "మీరు వదలడం మానేయండి, నేను గెంతడం మానేస్తాను" అనేది. అలా ఉండగా ఆయన రిటైరయ్యారు. దండలేసేరు, శాలువా కప్పేరు, ఇంటికి పంపించేసేరు. మనిషి ఇంటికొచ్చి పడక్కుర్చీలో కూర్చున్నారు, గోడవైపు తిప్పుకుని. అంతే, లేవలేదు. లేవలేదంటే భోజనానికి లేచేవారులే, అదీ రెండు ముద్దలు. ఎవరొచ్చినా మాటాడరు. వాకిట్లోకి రారు. కాలవ పేరెత్తితే కళ్ళు మూసుకునేవారు. గేటు చక్రం తిప్పిన చెయ్యి అలా ఒళ్ళో పడుండేది. ఓ రోజు అత్త మా ఇంటికొచ్చి, ఎప్పుడూ లేనిది ఏడిచింది. "ఒరే సత్తిబాబూ, మీ మావయ్య ఆ కుర్చీలోనే పోతారురా. నాకు భయంగా ఉంది" అంది. పాపాయత్తకి భయమా అని నాకూ భయమేసింది. కాసేపు ఏడిచి, ముక్కు తుడుచుకుని, "అయితే కుర్చీ తీసేస్తే సరి" అంది. ఆ మాటకి నవ్వాలో వద్దో నాకు తెలీలేదు.

ఆ ఏడు నీళ్ళొచ్చే రోజు. మావయ్య స్నానానికెళ్ళగానే అత్త నాచేత ఆ కుర్చీ మోయించింది. ఎక్కడికత్తా అంటే, "కాలవలోకి" అంది. నిజంగా కాలవలోకే. రేవుకి కాస్త ఎగువన, నట్టనడి కాలవలో కుర్చీ వేయించి, అందులో దర్జాగా పడుకుని, ఒళ్ళో వేరుశనక్కాయలు పెట్టుకుని వొలుచుకుంటోంది. గట్టు మీద ఊరు ఊరంతా. మావయ్య తడి పంచెతోటే వచ్చేరు. రిటైరయ్యాక వాకిలి దాటడం అదే మొదలు. "నా కుర్చీ ఏదే?" "ఇదిగో, ఇక్కడుంది, రండి కూర్చుందురు గానీ." "ఒసేయ్ పాపాయ్, లే, నీళ్ళొస్తున్నాయి." ఈవిడ గింజ నోట్లో వేసుకుని, "రానీండి. మీరు వదల్లేదుగా, ఎవరో కొత్తబ్బాయి వదిలిన నీళ్ళు. వాటికేం జోరుంటుంది?" అంది. అబ్బో, ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. "ఎవరొదిలితే ఏంటే, నీళ్ళు నీళ్ళే" అని అరిచేరు. అత్త మెల్లిగా, "అదే కదండీ నేనూ అంటున్నాను" అంది.

అంతలో కొంగలు కనపడ్డాయి. అత్త ఇంక చాల్లెమ్మని లేవబోయింది. లేవలేదు. నేను ఆటనుకున్నాను, అందరూ ఆటనుకున్నారు. ఏమైందంటే, పైకి పెళ్ళలు పెళ్ళలుగా ఎండినట్టు కనపడుతుంది గానీ అడుగున బురదే. మనిషి భారీ మనిషని చెప్పేనా? కుర్చీ కాళ్ళు నాలుగూ దిగబడిపోయి, గుడ్డ సాగిపోయి, ఉయ్యాల్లో పాపలాగా ఇరుక్కుపోయింది. ఇరుక్కుపోయి నవ్వుతోందయ్యా. "ఏవండీ, నిజంగానే రావట్లేదండీ" అని, మళ్ళీ నవ్వు. నవ్వితే ఇంకాస్త దిగుతోంది. ఆకులూ నురగా అల్లంతదూరంలో కనపడుతున్నాయి. మావయ్య ఒక్క గెంతు గెంతేరు కాలవలోకి. డిపార్టుమెంటూ లేదు, పరువూ లేదు. ఆవిణ్ణి చంకల కింద పట్టుకుని ఒక్క లాగు లాగేరు, గేటు ఎత్తిన చెయ్యి కదా, ఊడొచ్చింది. ఆవిడ ఊరుకోవచ్చా? "కుర్చీ అండీ, కుర్చీ" అంది. ఆయన కుర్చీ కూడా పీకి నెత్తిన పెట్టుకున్నారు. ఇద్దరూ రేవు వైపు పరుగు. పంచె ఒకవైపు, మనిషి ఒకవైపు. వెనకాల నీళ్ళు. మేమందరం గట్టు మీద అరుపులు. రేవు మెట్ల దగ్గర మావయ్య జారేరు, నీళ్ళు ఆయన కాలికే ముందు తగిలేయి. "ఓడిపోయారు" అని అత్త చప్పట్లు కొట్టింది.

ఆయన ఎక్కలేదు. నీళ్ళు పిక్కలదాకా వచ్చేదాకా అలాగే నిలబడ్డారు, నెత్తిన కుర్చీతో. ఏమన్నారో తెలుసా? "పాపాయ్, ఇన్నేళ్ళూ గేటు మీదనుంచి చూడ్డమే గానీ, ఇది ఇంత చల్లగా ఉంటుందని తెలీదే" అన్నారు. అని నవ్వేరు. ఆయన పళ్ళు నేను చూడ్డం అదే మొదలు. అత్త పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది, బురద చేత్తో, మొహమంతా అయింది. ఆ సాయంత్రం ఊరందరికీ పుణుగులు మావయ్యవే. అప్పట్నుంచి ఏటా నీళ్ళకి ముందు ఇద్దరూ నడిచేవారు, ఆయన కావాలని ఓడిపోయేవారని నా అనుమానం.

అత్త ఓ వేసవిలో పోయింది, కాలవలు కట్టేసి ఉండగా. ఆ ఏడు నీళ్ళొచ్చిన రోజు మావయ్య ఒక్కరే కుర్చీ తీసుకుని కాలవలోకి దిగేరు. అదే చోట వేసుకుని కూర్చున్నారు. నేనెళ్ళి లేవండి మావయ్యా అంటే, "ఉండరా, కాలికి తగలనీ. ఇవాళ కూడా నేనే ఓడిపోవాలి" అన్నారు.

ఊఁ.

అది సరే గానీ, నీ టైమర్ మోగినట్టుందే. పొద్దున్న పై ఊళ్ళో ఉండే దొరబాబు ఫోన్ చేసేడులే, మధ్యాహ్నానికి వాళ్ళ వంతెన దగ్గరికి నీళ్ళొచ్చేస్తాయంట. మా కోడలు పడుకుంది, నాలుగింటిదాకా లేవదు. అలా చూడకు, నేను కాలవలోకి దిగుతానన్నానా? గట్టు మీద కూర్చుంటాను. మహా అయితే రేవులో ఒక్క మెట్టు. డాక్టరుగారు నడవమన్నారుగా, ఇంట్లోనే నడవమన్నారని నీకెవరు చెప్పేరు. వాకర్ నేను పట్టుకుంటాను. బెల్లం నా జేబులో ఉంది, పొద్దున్నే తీసి పెట్టుకున్నాను. ఇంకా కూర్చున్నావేంటయ్యా, లే. గుడ్డ మార్పించేం గానీ కర్ర అదే, ఆ కుర్చీ మడతపెట్టి నెత్తిన పెట్టుకో.