ముప్ఫై ఏడో గడి

అదిగో, మళ్ళీ కిటికీ దగ్గరికి తీసుకెళ్తున్నావు! ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? కనపడకపోతే కళ్ళద్దాలు తుడుచుకో. డెబ్బై ఎనిమిదేళ్ళుగా ఎండ కన్నెరగని కాగితం బొమ్మ అది.

చేతులు సబ్బుతోనే కడిగావుగా? తడి లేకుండా తుడుచుకున్నావా? ఆఁ, అట్లా అంచులు పట్టుకో. నీకంటే ముందు కొనడానికొచ్చిన ఇద్దరికీ అదీ చేతకాలేదు. ఒకడైతే బొటనవేలు తెచ్చి బొమ్మ మొహం మీదే పెట్టబోయాడు. దారి చూపించాను.

తలుపు గడియ పెట్టానని కంగారు పడకు. గాలికి కొట్టుకుంటోందని పెట్టాను. తుఫాను ఇంకా సముద్రం మీదే ఉందిట, సాయంత్రానికి గానీ రాదు. నీ హవానా బస్సుకి చాలా టైముంది. కూర్చో, యాన్సెల్. అదేగా నీ పేరు? ఈ కాలం పేర్లు నా నోటికి తిరగవు.

పొయ్యి మీద ఉడికేదా? అది నీకు కాదులే, ఆశ పడకు. నీకు కాఫీ పెట్టాను. తాగవా? చుక్క పడుతుందని భయమా! మంచిదే, ఆ మాత్రం భయం ఉండాలి.

ఏదో కాగితం అన్నావు? ఈ బొమ్మ ఎక్కడిది, ఎవరి దగ్గరుంది, ఇంత కొత్తగా ఎట్లా మిగిలింది... అదంతా రాసివ్వాలా? నాకు అక్షరాలు ఆనవు. నేను చెప్తాను, నువ్వు రాసుకో. చివర్న సంతకం పెడతాను. పెట్టబుద్ధయితే.

రాఫేలా పెద్రోసో అని రాయి. ఎనభై ఏడేళ్ళు. పుట్టింది ఇక్కడే, ఈ పంచదార మిల్లు క్వార్టర్సులోనే. ఇప్పుడు మిల్లు లేదనుకో, పొగగొట్టం ఒక్కటే నిలబడి ఉంది. అది కూడా ఇవాళ్టి గాలికి ఉంటుందో లేదో.

నువ్వు ఈ బొమ్మల్లోనే మునిగి తేలే మనిషివి కదా, నన్నడుగుతావేం? ఇవి ఎట్లా పాడయ్యాయో నీకు తెలీదూ? చాక్లెట్ చుట్టిన కాగితంలో వచ్చేవి, పాకం జిడ్డు అంటేది. మగపిల్లలు గోడకేసి విసిరి పందాలాడేవాళ్ళు, మూలలు విరిగేవి. లాగు జేబులో పెట్టుకుంటే చెమట. వీటన్నిటికీ తట్టుకున్నవాటిని ఆల్బంలో అతికించేవాళ్ళు. ఆ అతికించడంతోనే పోయాయి అన్నీ. మైదా జిగురు కదా! ఈ దేశంలో పిండి వాసన తగిలితే బొద్దింక ఊరుకుంటుందా, చెదపురుగు ఊరుకుంటుందా?

ఆల్బం ఉందా అని అడుగుతున్నావా? ఉంది. ఉండు, తెస్తాను. నువ్వు లేవకు.

ఇదిగో. మెల్లిగా తెరువు, పొడి రాలుతుంది. ఇది మా అన్నయ్య లియాండ్రోది. నూరు గడులు, గడికో బేస్‌బాల్ ఆటగాడు. తొంభై తొమ్మిది నింపాడు. నూరూ నిండిన ఆల్బం కొట్లో ఇస్తే తోలు గ్లవ్వు, బ్యాటు, మేకుల బూట్లు ఇస్తామన్నారు. మా నాన్న ఏడాదంతా చెరకు కొట్టినా కొనలేని బూట్లు. కంపెనీవాళ్ళు తెలివైనవాళ్ళు, ముప్ఫై ఏడో బొమ్మ మటుకు పిడికెడే అచ్చేయించారు. ఎడంచేత్తో బంతి విసిరే ఎవెలియో. మిల్లులో పిల్లలందరూ వాడి కోసమే చాక్లెట్లు తిని పళ్ళు పుచ్చగొట్టుకున్నారు.

చూశావా పేజీ? జల్లెడ అయిపోయింది. మొహాలు లేవు, టోపీలు లేవు. ఒక్క గడి చూడు. చిల్లు ఉందా? లేదు. ముప్ఫై ఏడు. అక్కడ జిగురు పడలేదు కాబట్టి పురుగు ముట్టుకోలేదు.

ఏం, వేలితో తడిమి చూస్తున్నావా? నేనూ అంతే చేశాను, మొదటిసారి చూసినప్పుడు. మా అమ్మ పోయాక తీశాను దీన్ని, బీరువాలో అన్నయ్య చొక్కాల కింద నుంచి.

సరే, రాయి. మా ఇంట్లో వాటా ఎట్లా ఉండేదంటే, తీపి నాకు, బొమ్మ వాడికి. "నువ్వు తిను ఫెలా, నువ్వు ఉత్త నోరువే" అనేవాడు. నేను తినాలి, వాడు కాగితం విప్పుకోవాలి. ఎవరు కొనిచ్చినా అంతే. ఆడపిల్లకి బేస్‌బాల్ బొమ్మలెందుకు అని అమ్మ కూడా వాడి వైపే.

ఆ ఏడు క్రిస్మస్‌కి నా జ్ఞానస్నానానికి తల్లిగా నిలబడ్డావిడ వచ్చింది, నా గుప్పెట్లో ఐదు చాక్లెట్లు పోసింది. నేను వాడికి చెప్పకుండా వంటింటి వెనక్కి పోయి విప్పాను. మూడోదాంట్లో ఎవెలియో. అరుస్తానేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను! నాన్న చుట్టల పెట్టె ఉండేది, దేవదారు చెక్కది. దేవదారు వాసనకి పురుగు దరి చేరదు. రెండు అట్టల మధ్య పెట్టి అందులో దాచాను. ఒంటెలెక్కొచ్చి పిల్లల బూట్లలో కానుకలు పెట్టే ముగ్గురు రాజుల పండుగ, జనవరి ఆరు, ఎన్నాళ్ళో లేదు కదా, ఆ తెల్లవారుజామున వాడి బూట్లో పెడదామని. వాడు ఒంటెల కోసం మంచం కింద గడ్డి పెడతాడు, లేచి చూసేసరికి బూట్లో ఎవెలియో! ఎగిరి గంతేస్తాడు కదా?

పండుగకి ముందు రోజు వాడు చెరకు రైలెక్కాడు. సాన్ ఎలోయ్ మిల్లులో గుమాస్తా కొడుకు దగ్గర ముప్ఫై ఏడు ఉందని విన్నాట్ట. మార్చుకోవడానికి రెండొందల బొమ్మలు సంచిలో వేసుకున్నాడు. ఏటి వంతెన దగ్గర బండి మలుపు తిరుగుతూ నెమ్మదిస్తుంది, అక్కడ దూకాలి. పిల్లలందరూ దూకేవాళ్ళే. వాడి కాలు జారింది.

పన్నెండేళ్ళు.

బొమ్మలు ఏట్లో తేలుతూ పోయాయిట. జనం చూశారు. ఎవరూ ఏరుకోలేదు.

అదీ కథ. అమ్మకి ఇదే చెప్పాను. ఫాదర్‌కి ఇదే చెప్పాను, నా తల నిమిరి, పసిపిల్లవి, నీ మీద ఏ పాపం లేదు పో అన్నాడు. మా ఆయనకి పెళ్ళయిన కొత్తలో ఇదే చెప్పాను, భోరుమన్నాడు పాపం. నువ్వూ కళ్ళు తుడుచుకుంటున్నావా? తుడుచుకో, తుడుచుకో, బొమ్మ మీద పడగలదు.

పిచ్చినాయనా! ఒక్కళ్ళు... ఇన్నేళ్ళలో ఒక్కళ్ళు అడగలేదు. సాన్ ఎలోయ్ కుర్రాడి సంగతి వాడికి చెప్పిందెవరూ అని.

నువ్వు అడగవా?

ఉండు, అడుగంటుతోంది. ఒక్కసారి గరిట తిప్పి వస్తా.

ఆఁ. పైన రాసింది కొట్టెయ్. క్రిస్మస్ అన్నాను కదా, అది కొట్టెయ్. మే నెల. చర్చిలో నేను మొదటిసారి సత్ప్రసాదం తీసుకున్న రోజు. మే నుంచి జనవరి దాకా, ఎనిమిది నెలలు ఉంది నా దగ్గర. వాడు ప్రతి శనివారం కొట్టు ముందు నిలబడి, వచ్చినవాడినల్లా "ముప్ఫై ఏడుందా, ముప్ఫై ఏడుందా" అని అడుగుతుంటే పక్కన నిలబడి చాక్లెట్ చప్పరించాను. ఉత్త నోరునే కదా మరి!

నన్నొక్కదాన్నే అడగలేదు వాడు. ఎందుకడుగుతాడు? నా దగ్గరేం ఉంటుందని?

ఆ రోజు పొద్దున్న అడిగాడు. అది కూడా వెటకారానికే. "ఏమే నోరూ, నీ కడుపులోకి గానీ పోయిందా ఎవెలియో?" అని. అమ్మ నవ్వింది. నాన్న నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను చూశాను" అన్నాను. ఠక్కున నవ్వు ఆపాడు. "ఎక్కడే?" అన్నాడు. "సాన్ ఎలోయ్ గుమాస్తా కొడుకు, ఆదివారం గుడికొచ్చాడు, వాడి జేబులో. మూలలు కూడా నలగలేదు" అన్నాను.

మూలలు నలగలేదు. అది నిజమేగా.

వాడు నా వైపు చూసిన చూపు... నేనూ ఒక మనిషినన్నట్టు, మొదటిసారి. బొమ్మ అక్కడే ఉన్నట్టు చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. ఇందాక పెట్టె తీస్తే నువ్వూ తుడుచుకున్నావు చూడు, అచ్చం అట్లా. అందుకే నిన్ను కూర్చోబెట్టాను. ఫాదర్‌కి ముప్ఫై ఏడంటే ఏంటో తెలీదయ్యా! తెలియనివాడు క్షమిస్తే నాకెందుకూ?

చావాలని పంపలేదు. మేరీమాత మీద ఒట్టు, అంత దూరం ఆలోచించలేదు. ఊరికే తిరిగి తిరిగి, కాళ్ళు నొప్పులు పుట్టి, ఏడుపు మొహంతో రావాలి. అప్పుడు పెట్టె తెరిచి చూపించాలి. బతిమాలించుకోవాలి. రాఫేలా అని నిండు పేరుతో పిలిపించుకోవాలి. అంతే నా కోరిక.

ఇంత కొత్తగా ఎట్లా మిగిలింది అన్నావే, అసలు సంగతి ఇప్పుడు రాయి. వాణ్ణి గోనెపట్టా కప్పి తెచ్చి వరండాలో పడుకోబెట్టారు. అమ్మ అరుస్తోంది. ఇల్లంతా జనం. నేనేం చేశానో తెలుసా? పెరట్లోకి పోయి చేతులు కడుక్కున్నాను. సబ్బుతో. తుడుచుకున్నాను. పెట్టె తీసి, బొమ్మ మూలలు నాలుగూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకున్నాను.

నాలుగూ ఉన్నాయి.

ఆ తర్వాత ఎప్పుడు తీసినా అంతే. చేతులు కడగడం, తుడవడం, చూడటం, మూయడం. మొన్న మీరంతా కొనడానికి వచ్చేదాకా ఎవరికీ చూపించలేదు, ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఇంకెందుకు పాడవుతుంది?

ఇంటి కప్పు కారుతున్న మాట నిజమే. నువ్విచ్చే డబ్బుతో కొత్త కప్పు పడుతుందనీ తెలుసు. తుఫానులో రాత్రికి ఈ కప్పు నిలుస్తుందో లేదో కూడా తెలీదు.

అటు జరుగు. గిన్నె కాలుతుంది.

అవును, మైదా జిగురే. ఏమనుకున్నావు మరి, పాయసమా? ఇది నాలుగోసారి కాయడం. అమ్మ పోయినప్పుడు కాశాను, మా ఆయన పోయినప్పుడు, నిరుడు ఇంకోసారి. ప్రతిసారీ మనసు రాలేదు. చల్లారిపోయి అట్ట కట్టింది, పందికి పెట్టాను.

ఇటివ్వు బొమ్మ. ఇవ్వమన్నానా! లాగకు, మూల విరుగుతుంది. చూశావా, నీకే చెయ్యి రాలేదు లాగడానికి.

అరవకు, పక్కింటివాళ్ళు వింటారు. నీకేం పోయింది? సంతకం లేని కాగితం, అంతేగా.

పేజీ ఆ మూల పట్టుకో. గట్టిగా పట్టుకో నాయనా, కదలకూడదు. వెనక మొత్తం పట్టేట్టు జిగురు రాయాలి, అంచుల దాకా. వాడట్లాగే రాసేవాడు, వేలితో. అబ్బా, వేడి! ఇప్పుడు గడిలో పెట్టి, మధ్యనుంచి బయటికి వత్తాలి. బుడగ ఉండకూడదు.

ఆఁ. నూరు.

పురుగులొస్తాయా? రానీ, నాయనా. తిననీ.

కాఫీ తాగు, ఇంక చుక్క పడ్డా ఫరవాలేదు.