ఎక్కు మే, ఇంకా ఎక్కలేదా?

యాడ నేర్చినావు ప్రతాపన్నా ఈ మాటలు? "అమ్మ నడుము తొక్కేదానికి బద్ధకమై ఆస్పత్రిలో పడేసింది" అని నన్ను తిట్టి ఫోన్ పెట్టేస్తావా? అందుకే వాట్సాప్‌లో రాస్తాండా. నల్లమ్మత్త ఫోన్ చేసి ఎక్కించిందా? బెంగుళూర్లో కూచుని ఆయమ్మ మాట నమ్ముతావు, అనంతపురంలో అమ్మ మంచం పక్కనే ఉండే చెల్లెల్ని నమ్మవు. బాగుండాది సామీ!

తొక్కనని ఎప్పుడన్నా అంటినా నేను? ఎదురుకాళ్లతో పుట్టిందని రాయదుర్గంలో మన వీధి వీధంతా నా కాళ్ల కిందనే కదా. ఎవురికి నడుము పట్టేసినా "మల్లీ, రా మే, ఒక్క తొక్కు తొక్కిపో". సోమప్ప మామయితే బోర్లా పండుకొనే కేకేస్తాడు. స్కూల్లో ఏమో గానీ దీంట్లో నేనే టాపర్.

అమ్మకు ఈ నొప్పి ఇప్పటిదా? పొద్దస్తమానం మిషన్ మీద వంగి జీన్స్ ప్యాంట్లు కుట్టేది, నొస్తాది. కాపడం పెడితే తగ్గుతాండె. రెండు దినాలు మెల్లగా లేచి తిరిగితే తగ్గుతాండె. నేను తొక్కినందుకే తగ్గిందని నేను మీసం తిప్పుతాంటి, లేని మీసం.

ఈ తూరి అట్ల కాదన్నా. నొప్పి రెండు కాళ్లల్లోకీ దిగింది. నడుస్తాంటే చెప్పు ఊడిపోయింది, ఆయమ్మకు తెలీనే తెలీదు. ఒక కాలికి చెప్పుతో ఇంటికొచ్చేసింది. "ఏమ్మా, రెండోది ఎవురికి దానమిచ్చినావ్?" అన్నా. ఇద్దరమూ పడీ పడీ నవ్వినాము.

నిన్న రాత్రి చాప మీద బోర్లా పండుకుని "తొక్కు మే, తట్టుకోలేకుండా ఉండా" అనింది. నేనెప్పుడూ తొడల కాడ మొదలుపెట్టి పైకి పోతా కదా. గోడ పట్టుకుని ఎక్కినా. రెండు కాళ్లూ పెట్టి నిలబడినా.

అమ్మ అంటాది, "ఎక్కు మే, ఇంకా ఎక్కలేదా?"

ఆట పట్టిస్తాంది అనుకున్నా. "ఎక్కినా కదమ్మా!"

"యాడ ఎక్కినావే? నాకేం తెలీడం లేదే."

నా బరువంతా ఆయమ్మ మీదనే ఉండాదన్నా. తెలీడం లేదంట!

దిగేసినా. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పింది, మొగం చాపలో పెట్టుకుని. కూచునే చోటంతా మొద్దుబారిందంట. ఒంటేలు వచ్చేది తెలీడం లేదంట, చీర తడిసినాకనే తెలుస్తాందంట. లోపల పాత గుడ్డలు మడిచి పెట్టుకుని ఫ్యాక్టరీకి పోతాందంట. నీళ్లు తాగేదే మానేసిందంట. ఈ ఎండలకు!

మొన్న నొప్పికని ఊర్లో సూదులేసే డాక్టరు కాడికి పోయింది కదా, ఆయప్పకు ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "మొగోనికి ఎట్ల చెప్పేదే?" అంటాది. మరి నాకు? "నువ్వు పిల్లదానివి."

వీధంతా తొక్కేదానికి మాత్రం పిల్లదాన్ని కాను.

108కి ఫోన్ చేసి ఈడికి తీసుకొచ్చినా. డాక్టరమ్మ స్కానింగ్ చూసి, డిస్కు జారి నరాలను నొక్కేసింది అనింది. ఉత్త నడుము నొప్పైతే ఇంట్లో చూసుకోవచ్చంట. కాళ్లు పట్టు తప్పినా, కూచునే చోట స్పర్శ పోయినా, ఒంటేలు తెలీకపోయినా, ఒక్క పూట కూడా ఆగకూడదంట. ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలంట. చేసినా పోయిందంతా తిరిగొస్తాదని చెప్పలేమంట. ఆలస్యం చేస్తే ఆ ఆశ కూడా ఉండదంట.

అమ్మేమో నా కొడుకు ఊ అంటేనే ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేస్తా అని కూచుంది. నాయన గొర్లు తోలుకుని బళ్లారి పక్క యాడుండాడో, ఫోన్ స్విచ్చాఫ్. ఇంగ నువ్వే కదా మొగదిక్కు!

ఏమి, కుళ్లాయప్ప తాత నడుము కోయించుకుని మంచం పట్టినాడనా నీ భయం? ఆయప్పను తీసకపోయేటప్పటికే కాళ్లు రెండూ సచ్చిపోయుండె. కోసినందుకు కాదు, కోసేదానికి లేటుగా పోయినందుకు. ఆ మాట ఎవురూ చెప్పరు.

టైపింగ్ అని వస్తాంది, మళ్లీ పోతాంది. భయమేస్తాందా? నాకు వెయ్యలేదా? పదహారేళ్లు నాకు, నీకు ఇరవై ఆరు. ఒక్క అక్షరం రాసేదానికి ఇంతసేపా?

నీలి టిక్కులు పడతానే ఉండాయి. చదువుతాండావు.

సరే, చదువు. నువ్వు ఊ అన్నావని చెప్పేసినా అమ్మకు. ఫోన్ మొగం ముందర పెట్టి "చూడుమా, చేయించుకోమని అన్న రాసినాడు" అన్నా. చదవను రాదు కదా ఆయమ్మకు. వేలిముద్ర వేసేసింది. లోపలికి తోలుకపోయినారు.

తోసకపోతాంటే స్ట్రెచర్ ఆపించి అడిగింది, "ఇంకేమన్నాడే నా కొడుకు?"

"భయపడొద్దమ్మా, బయల్దేరినా అన్నాడు" అని చెప్పినా. ఏం చేసేది, నోటికి అదే వచ్చింది.

ఫోన్ తీసుకుని కండ్లకద్దుకుంది. స్క్రీన్ మీద నీది ఒక్క ముక్క లేదన్నా, అంతా నేను రాసిందే.