కల్నల్ గారు వార్డులోకి వచ్చిన రెండు నిమిషాలు

నా పేరు తోలోగోన్ సాదిరోవ్. వయసు ముప్పై ఒకటి. అలాయ్ లోయలో సరిహద్దు దండు వైద్యశాలలో వైద్య సార్జెంటుని. తొమ్మిదేళ్ల సర్వీసు.

మార్చి 11న మధ్యాహ్నం పన్నెండున్నరకి కొండ మీది చౌకీ నుంచి సిపాయి ఎర్మెక్ తాష్‌బాయెవ్‌ని దించుకొచ్చారు. వాడికి పంతొమ్మిదేళ్లు. ఆ ఎత్తు పడక ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. దగ్గితే గులాబీ రంగు నురగ. అయినా నన్ను చూసి నవ్వాడు.

"అన్నా, నా రొమ్ములో ఎవరో గుర్రపు పాలు చిలుకుతున్నారే" అన్నాడు.

"నోరు మూసుకుని పడుకోరా, వెన్న వచ్చాక చెబుదువుగాని" అన్నాను.

ఒంటిగంటా పదికి ఊపిరి ఆగేలా అయింది. కెప్టెన్ బేగిమాయ్ డాక్టరమ్మ గొంతులోకి గొట్టం వేశారు. ఊపిరి యంత్రం అరగంట నడిచి ఆగిపోయింది. అప్పుడు గొట్టానికి రబ్బరు తిత్తి తగిలించి నా చేతికిచ్చారు. "ఐదు లెక్కపెట్టి ఒకసారి నొక్కు. నీ కన్నతండ్రి వచ్చినా వదలకు" అని, హెలికాప్టర్ కోసం వైర్‌లెస్ గదికి వెళ్లారు. ఇరవై నిమిషాలు నొక్కాను. పెదాలకి రంగు తిరిగింది. అప్పటికి వాడు బాగానే ఉన్నాడు. బాగానే ఉన్నాడండి.

సరిగ్గా రెండింటికి తలుపు తెరుచుకుంది. తనిఖీకి వచ్చిన కల్నల్ గారు. నేను లేచి నిలబడ్డాను. మడమలు కలిపాను. చేయి కణత దగ్గరికి పోయింది.

"కల్నల్ గారూ! వార్డులో రోగి ఒకడు. నా డ్యూటీలో చెప్పుకోదగ్గ సంఘటనలేవీ జరగలేదు!"

పేరడిగారు, చెప్పాను. ఊరడిగారు, చెప్పాను. కిటికీ అద్దం మీద మసి చూసి మొహం చిట్లించారు. రేపటికి తుడిపిస్తానండి అన్నాను. తర్వాత ఆయన మంచం వైపు తిరిగారు.

"ఆ రబ్బరు తిత్తి ఏంటి?"

"వాడి ఊపిరండి. నొక్కుతూ ఉండాలి."

"మరి ఎవడు నొక్కుతున్నాడ్రా?"

తిత్తి మీద పడ్డాను. కల్నల్ గారే డాక్టరమ్మ కోసం కేకలు పెడుతూ పరిగెత్తారు. ఆవిడ వచ్చేసరికి గుండె ఆగింది. ఛాతీ మీద అదుముతూనే ఉన్నారు. రెండూ నలభైకి చేతులు తీసేశారు. హెలికాప్టర్ మూడింటికి దిగింది.

రోగిని మరిచిపోయావా అని ఈ విచారణ చేస్తున్న తమరు అడిగారు. మరిచిపోలేదండి. ఆ రెండు నిమిషాలూ నా కళ్లు వాడి మీదే ఉన్నాయి. పెదాలు నీలంగా మారడం చూశాను. చూస్తూనే మా ఊరి పేరు చెప్పాను. చూస్తూనే కిటికీ సంగతి మాట్లాడాను. ఆయన 'విశ్రాం' అనలేదు. పై అధికారి ముందు నిలబడ్డాక ఆ మాట వినకుండా తొమ్మిదేళ్లలో నేనెప్పుడూ కదల్లేదండి.

రాసిందంతా నాకు చదివి వినిపించారు. ఎవరూ చెప్పించింది కాదు, ఇందులో అబద్ధం లేదు. కింద బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

(తోలోగోన్ సాదిరోవ్ ఎడమ బొటనవేలి ముద్ర)