కోటు మీద రఫ్ఫు

గుమ్మంలో వారపత్రిక ఎడిటర్ కనిపించినా దర్జీ అక్క మిషన్ ఆపలేదు.

"మీ ప్యాంటు ఇంకా కాలేదండీ."

"ప్యాంటు కోసం రాలేదక్కా. ఆ యుద్ధం సినిమా మీద మీరు మూడు వాక్యాలు రాశారే..."

"పేజీలో జాగా మిగిలిందని వేశారు, అదేనా?"

"అదే. చివర్లో ఇంటికొచ్చిన సైనికుడు ఆ తల్లి కొడుకు కాదన్నారు. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను."

"వాడి మొహం చూపించరు, వేసుకున్న కోటు మాత్రం కొడుకుదే. గుండె దగ్గర తూటా కన్నానికి రఫ్ఫు చేసుంది. అక్కడ దెబ్బ తిన్నవాడు నడిచి ఇంటికి రాడు. తల్లి ఆ రఫ్ఫు తడిమి చూసింది. తెలిసే లోపలికి రమ్మంది."

"దర్శకుడు ఉత్తరం రాశాడక్కా. ఇన్ని దేశాల్లో ఆడితే, అది పట్టుకున్నది మీరొక్కరేనట."

మిషన్ ఆగింది.

"ఇంకోసారి చెప్పండి."

ఎడిటర్ ఉత్తరం తీసి మొత్తం చదివాడు.

"సుఖాంతమని పేజీ నిండా రాసిన మీ పెద్ద సమీక్షకుడు ఏమన్నారు?"

"కుక్కిన పేనులా కూర్చున్నారు. వచ్చే వారం నుంచి ఆ పేజీ మీదే."

"నాకు మూడు వాక్యాలు చాలు. పేజీ ఆయనకే ఉంచండి," అంటూ అక్క సూదిలో దారం ఎక్కించింది. "ఉత్తరం మాత్రం ఆ నిలువుటద్దం పక్కన అంటించి వెళ్ళండి. రేపు కోటు కొలతలకి మీ సమీక్షకుడు గారే వస్తున్నారు."