నర్సమ్మ మూలలో పదిమంది

మంచు కురవడం ఆగి గాలి మాత్రం ఆగని ఒక గురువారం ఉదయం, అయోవా రాష్ట్రంలోని టిల్డెన్ గ్రోవ్ అనే ఊళ్ళో, ధాన్యపు గోదాముకు ఎదురుగా ఉన్న ఆర్డిత్ కాఫీ కొట్టులో వెర్లిన్ హార్మ్స్ నోరు విప్పాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. నలభై ఏళ్ళు పందులను పెంచాడు. వాటికంటే ఎక్కువ శ్రద్ధతో మాటలను పెంచాడు. అతని నోరు ఒకసారి తెరుచుకుంటే రెండో కప్పు కాఫీ చల్లారేదాకా మూతపడదని ఊరందరికీ తెలుసు. తెలిసీ వచ్చి కూర్చునేవారు.

ఆ ఉదయం మాత్రం కొట్టులో ఎవరికీ మాట రావడం లేదు. అధ్యక్ష ఎన్నికకు తమ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే సభ సోమవారం సాయంత్రం బడిలోని ఆటల హాలులో జరిగిపోయింది. ఆ సభలో చీటీలుండవు. ఎవరికి ఎవరు కావాలో వారి మూలకు వెళ్ళి, ఇరుగుపొరుగు చూస్తుండగా నిలబడాలి. వచ్చినవారిలో నూటికి పదిహేను మందైనా లేని మూల రద్దవుతుంది. నిలిచిన మూలలకే తమ అభ్యర్థి తరఫున పై సభకు ప్రతినిధిని పంపే హక్కు. ఆ సభ సంగతిని మూడు రోజులుగా ఎవరూ ఎత్తడం లేదు.

ఎత్తకపోవడానికి కారణం వారి కళ్ళ ముందే కాఫీ పోస్తూ తిరుగుతోంది. కెండ్రా వెర్లిన్‌కు స్వయానా చెల్లెలి కూతురు. ఎనిమిదో నెల. ఊరి ఆసుపత్రిలోని ప్రసూతి వార్డును మార్చి ఒకటిన మూసివేస్తామని దాని యజమానులు శరదృతువులోనే ప్రకటించారు. కెండ్రాకు డాక్టరు ఇచ్చిన తేదీ మార్చి మూడో వారం.

అటువంటి రోజుల్లో ఎవరిదో పాత వ్యాను అరువడిగి నడుపుకుంటూ ఈ కొట్టుకు వచ్చింది లోర్నా క్విస్ట్. పల్లెటూరి ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసిన మనిషి. ఊరి మండలికైనా ఏనాడూ పోటీ చేయనిది, ఏకంగా దేశాధ్యక్ష పదవికి నిలబడింది. పెద్ద నాయకులెవరూ ఆమె పేరు పలకలేదు. ఈ ఊరివాళ్ళు మాత్రం ఆమెను నర్సమ్మ అన్నారు. “నాకు ఈ ఊరినుంచి ఒక్క ప్రతినిధిని ఇవ్వండి. మర్నాడు పొద్దున్నే టీవీ వాళ్ళను వెంటబెట్టుకొచ్చి ఆ ఆసుపత్రి గుమ్మంలో నిలబడతాను. తాళం వేసేవాడు నా మొహం చూసి వెయ్యాలి” అని ఆమె కెండ్రా చేయి పట్టుకుని చెప్పింది. కెండ్రా నమ్మింది. ఆ నమ్మకంతోనే కొందరు మనుషులు చలికాలమంతా తలుపులు తట్టారు.

ఆ గురువారం కెండ్రా ఆసుపత్రికి వెళ్ళి ఆలస్యంగా పనిలోకి వచ్చింది. కోటు కొక్కేనికి తగిలించింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ మౌనాన్ని వెర్లిన్ భరించలేకపోయాడు.

“నేనేమంత గొప్ప పని చేశానని కాదు” అన్నాడు, కప్పు ముందుకు జరుపుకుంటూ. “ఆదివారం నలభై తలుపులు తట్టాను. అంతే.”

“మీ రోడ్డు మీద ఉన్నవే పదకొండు ఇళ్ళు కదయ్యా” అన్నాడు లోవెల్ నీబర్. గోదాములో తూకం చూసే మనిషి. వెర్లిన్‌కు పాతికేళ్ళుగా ఎదురు కుర్చీ.

“పదకొండు ఇళ్ళకు ముందు తలుపు, వెనక తలుపు, కొట్టం తలుపు ఉండవా? లెక్కలు వచ్చినవాడివి, నీకు నేను చెప్పాలా. అసలు ఎన్ని తట్టాను అన్నది కాదు, ఎన్ని తెరుచుకున్నాయో అడుగు. నలభై ఒకటి. ఆ ఎక్కువ వచ్చిన ఒకటి పీటర్సన్ వాళ్ళ ధాన్యం కొట్టుది, నేను తట్టనే లేదు, నర్సమ్మ పేరు చెవిన పడేసరికి దానంతటదే తెరుచుకుంది. చూద్దును కదా, చేతిలో కరపత్రాలు అయిపోయాయి. అయిపోతే ఇంటికెళ్ళి పడుకునే రకమా నేను? మా కొట్టంలో రెండువేల నాలుగొందల పందులున్నాయి కదా, వాటిని—”

“నువ్వు పందులు అమ్మేసి ఆరేళ్ళయింది.”

“అమ్మినంత మాత్రాన నన్ను మర్చిపోతాయా? కబురు పెట్టాను, వచ్చాయి. ఒక్కొక్కదాని వీపు మీద నీలంరంగుతో నర్సమ్మ పేరు రాసి రోడ్డు మీదికి వదిలాను. ఎంత మర్యాదగా నడిచాయనుకున్నావు, పసుపు గీత దాటితే ఒట్టు. ఏ ఇంటి ముందు నర్సమ్మ మీద పోటీకి దిగిన ఆ సెనేటర్ బోర్డు పాతి ఉందో ఆ ఇంటి ముందు చతికిలబడి తిండి మానేశాయి. పంది తిండి మానేస్తే ఈ జిల్లాలో రైతన్నవాడికి నిద్ర పడుతుందా? తెల్లారేసరికి సెనేటర్ బోర్డులన్నీ పొయ్యిలోకి పోయాయి.”

పక్క బల్ల దగ్గర ఎవరో చిన్నగా నవ్వారు. వెర్లిన్‌కు ఆ మాత్రం చాలు. అయితే అతని చూపు నవ్వినవాళ్ళ మీద లేదు. గిన్నెలు తుడుస్తున్న మేనకోడలి వీపు మీద ఉంది.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆర్డిత్ నా చేతికి ఫోన్ నంబర్ల కాగితం ఇచ్చింది. ఇచ్చావా లేదా ఆర్డిత్?”

కొట్టు యజమానురాలు ఆర్డిత్ నర్సమ్మ మూలకు పెద్ద దిక్కుగా నిలిచిన మనిషి. ఆమె గల్లాపెట్టె దగ్గర్నుంచి తల ఎత్తకుండానే, “ఇచ్చాను. ఇరవై పేర్లు. నాలుగింటికి టిక్కు పెట్టి తిరిగిచ్చావు” అంది.

“మిగతా పదహారు మందీ వాళ్ళే నాకు చేశారమ్మా, వాటికి టిక్కెందుకు? అందులో ఒకటి రాంగ్ నంబరు పడింది. నెబ్రాస్కాలో ఒకావిడ, పొయ్యిలో రొట్టె పెట్టుకుని ఉంది. నర్సమ్మ గురించి నేను రెండు మాటలు చెప్పానో లేదో పొయ్యి ఆర్పేసి, మూటాముల్లె సర్దుకుని, మొగుణ్ణి కుర్చీలోంచి లేపి, పద, అయోవాలో ఇల్లు చూసుకుందాం, ఓటంటే అక్కడుంది అందట. ఆవిడ వెనక వాళ్ళ వీధి, ఆ వీధి వెనక వాళ్ళ ఊరు, పాస్టరుతో సహా. వాళ్ళ పోస్టుమాను పాపం సంచి భుజాన వేసుకుని, ఏ ఇంట్లో ఉత్తరం వెయ్యాలో తెలియక ఈరోజుకీ తిరుగుతూనే ఉన్నాడు.”

“మరి ఆ ఊరంతా ఎక్కడ దిగిందయ్యా, మాకెవరికీ కనబడలేదు?” అన్నాడు లోవెల్.

“మంచులో ఎలా కనబడతారు? సోమవారం పడిన మంచు గుర్తుందా? కరెంటు స్తంభాల కొసలు గడ్డిపరకల్లా పైకి కనిపించాయి. మామూలు బండి కదిలే మాటే లేదు. మా నాన్న నాటి ట్రాక్టరు తీశాను. దాని వెనక ఎండుగడ్డి బండి, బండి వెనక బండి, ఏడు బండ్లు, ఏడింటి వెనక మళ్ళీ ఏడు. ట్రాక్టరు బడి గేటులోకి మలుపు తిరిగేసరికి చివరి బండి ఇంకా నది వంతెన ఎక్కలేదు. చివరి బండిలో కూర్చున్న ముసలమ్మకు దారిలోనే ఒక పుట్టినరోజు వచ్చి వెళ్ళిపోయింది. నేను చెబుతున్నది నలుగురూ చూసిందే.”

“ఆ నలుగురూ ఎవరో” అన్నాడు లోవెల్. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు. కాఫీ కప్పులోకి చూస్తూ అన్నాడు. వెర్లిన్ అది గమనించలేదు. గమనించినా ఆగే స్థితిలో లేడు.

“హాల్లోకి అడుగు పెట్టామా, నర్సమ్మ మూల బాస్కెట్‌బాల్ బుట్ట కింద కదా, అక్కడికి చేరుతున్నారు, చేరుతున్నారు, ఒకరి భుజం మీద ఒకరు, ఆ భుజం మీద ఇంకొకరు, పైవాడు బుట్టలోంచి తల బయటపెట్టి ఊపిరి పీలుస్తున్నాడు. అంత బరువు ఒకే మూల పడితే నేల ఊరుకుంటుందా? ఆ మూల కిందికి దిగింది, ఎదురు మూల పైకి లేచింది. సెనేటర్ మనుషులు కుర్చీలతో సహా జర్రున జారుకుంటూ వచ్చి మన మూలలో పడ్డారు. వాళ్ళ నాయకుడొక్కడు తలుపు గడియ పట్టుకుని వేలాడాడు. ఎంతసేపు వేలాడతాడు? చేతులకు చెమట పట్టి, నర్సమ్మా, నేనూ వస్తున్నా అంటూ వాడూ జారాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లెక్కపెట్టేది లైబ్రరీ హిన్‌రిక్స్ గారు కదా. ఆవిడ ఒకటి రెండు అంటూ మొదలుపెట్టి ఎంతకూ తెమలక, మొత్తానికి ఈ జిల్లాకు కేటాయించిన అంకెలన్నీ అయిపోయి, పక్క జిల్లానుంచి అంకెలు తెప్పించింది. అవీ చాలలేదు.”

కెండ్రా గిన్నెలు తుడవడం ఆపింది. వెర్లిన్ గొంతు పెంచాడు.

“ఆ చప్పట్లు ఎక్కడిదాకా వినబడ్డాయనుకున్నావు? ఆసుపత్రి యజమానులు కూర్చునే ఊరిదాకా. ముప్పై అంతస్తుల పైన వాళ్ళు సంతకం పెట్టబోతుంటే కలం చేతిలోంచి జారి, మేఘాల్లోంచి పడి, కింద పోయేవాడి టోపీలో గుచ్చుకుంది. వార్డుకు వెయ్యాల్సిన తాళం ఉంది చూశావూ, అది సిగ్గుతో మెత్తబడి వెన్నలా కారిపోయింది. ఇక ఆ వార్డు మూసే మగవాడు పుట్టలేదు. ఇవాళ పొద్దున మూడు రాష్ట్రాల గర్భిణులు దాని ముందు వరసలో—”

“మామయ్యా” అంది కెండ్రా.

ఆమె గట్టిగా అనలేదు. కాఫీ కూజా బల్ల మీద పెట్టి అతని ఎదుట నిలుచుంది.

“ఇవాళ పొద్దున నేను అక్కడికే వెళ్ళాను. వరస లేదు. తలుపుకు నోటీసు అంటించి ఉంది. ఒకటో తారీకని ఉంది.”

“అది పాత కాగితమై ఉంటుంది.”

“సోమవారం మన మూలలో ఎంతమందిమి ఉన్నాం?”

“లెక్కే అందలేదన్నాను కదమ్మా.”

“అందింది. సభకు మొత్తం అరవై నలుగురు వచ్చారు. పదిమంది ఉంటే మూల నిలిచేది. హిన్‌రిక్స్ గారు వేలితో ఒక్కొక్కరినీ చూపిస్తూ లెక్కపెట్టి తొమ్మిది దగ్గర ఆగారు. ఆర్డిత్ మళ్ళీ లెక్కపెట్టమంది. మళ్ళీ తొమ్మిదే. ఆవిడ నా కడుపు వంక చూసి, ఇద్దరని లెక్కవెయ్యడానికి వీల్లేదమ్మా అన్నారు. ఆవిడకూ బాధగానే ఉంది.”

వెర్లిన్ కప్పు అందుకున్నాడు, తాగకుండానే దించాడు.

“పదో మనిషివి నువ్వు మామయ్యా. పేరు రాయించుకుని నా పక్కనే నిలబడ్డావు. పది సరిపోయాం. ఇంకొకణ్ణి లాక్కొస్తాను, రెండే నిమిషాలు అని హాలు దాటి అవతలికి వెళ్ళావు. వద్దని ఆర్డిత్ చెయ్యి ఊపింది. నేను పిలిచాను. ఎక్కడివాళ్ళు అక్కడే ఆగండి, లెక్క మొదలు అన్నప్పుడు నువ్వు సెనేటర్ మూలలో నిలబడి లోవెల్ చొక్కా గుండీ పట్టుకుని పందుల కథ చెబుతున్నావు. నిన్ను అక్కడే లెక్కవేశారు. ఆ మూల నిలిచింది. నిలిచిన మూలలోంచి మనిషిని తిరిగి రానివ్వరు.”

“లోవెల్‌ను తెద్దామనే కదమ్మా వెళ్ళాను. పది అంటే అంచు మీద ఉన్నట్టు. పదకొండైతే గట్టిగా ఉంటుందని. వీడు మొండివాడు, చెప్పాల్సినట్టు చెబితే గాని—”

“నేను సరేనన్నాను వెర్లిన్” అన్నాడు లోవెల్.

అతను ఇప్పటికీ తల ఎత్తలేదు. “నువ్వు వచ్చి అడగ్గానే సరేనన్నాను. నా కూతురూ ఆ వార్డులోనే పుట్టింది. కుర్చీ మీది కోటు తీసి చేతిలో పట్టుకున్నాను, పద అన్నాను. నువ్వు ఆగు, అసలు సంగతి విను అన్నావు.”

“ఆగమన్నానా?”

“రెండుసార్లు అన్నావు.”

ఆర్డిత్ గల్లాపెట్టె మూసి వచ్చి కెండ్రా వెనక నిలబడింది. ఆ సోమవారం మూల రద్దయ్యాక తొమ్మిదిమందీ తలా ఒక దిక్కుకు నడిచిన తీరు అక్కడున్న అందరికీ గుర్తుంది. కొందరు ఇతర మూలల్లో కలిశారు. కొందరు కోట్లు వేసుకుని ఇంటికి పోయారు. కెండ్రా ఏ మూలకూ వెళ్ళలేక, మధ్యలో ఎవరో తెచ్చి వేసిన కుర్చీలో కూర్చుండిపోయింది. నర్సమ్మ మంగళవారం రాలేదు. చాలా ఊళ్ళు ఆమెకు మొండిచెయ్యి చూపించాయి, ఈ ఒక్క ఊరే కాదు. నిన్న ఏదో బడి మెట్ల మీద నిలబడి, అందరికీ దండం పెట్టి, పోటీ నుంచి తప్పుకుంది. అయినా ఆమె మాట ఇచ్చింది ఈ కొట్టులో. ఒక్క ప్రతినిధిని ఇచ్చి ఉంటే, ఒక్క ఉదయమైనా ఆ గుమ్మంలో నిలబడేది.

“నా మీద కోపమా తల్లీ?” అన్నాడు వెర్లిన్.

“కోపం తెచ్చుకునే ఓపిక లేదు మామయ్యా.” ఆమె ఏప్రాను జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి అతని ముందు పరిచింది. “నొప్పులు మొదలైతే ఎక్కడికి పోవాలో రాసిచ్చారు. నగరంలో పెద్దాసుపత్రి. మా ఆయన కర్ట్ వారమంతా లారీ మీదే ఉంటాడు. అమ్మకు దూరం నడపడానికి కళ్ళు ఆనవు. నువ్వే తీసుకెళ్ళాలి.”

“తీసుకెళ్తాను.”

“ఎంతసేపు పడుతుంది?”

వెర్లిన్ ముఖంలో పాత వెలుగు ఒక్క క్షణం కదిలింది. “నా బండి ఎక్కావంటే చాలు, నువ్వు తలుపు వేసేలోపల—”

అతని మాట దానంతటదే ఆగింది. కెండ్రా రెండు చేతులతో నడుము పట్టుకుని, జవాబు కోసం నిలబడి ఉంది. ఆమె నిజంగానే అడుగుతోంది. ఆ కొట్టులో అతన్ని ఒక ప్రశ్న నిజంగా అడిగి చాలా ఏళ్ళయింది.

అతను కాగితం మీది చిరునామాను వేలు పెట్టి చదివాడు. మలుపులన్నీ, వంతెనలన్నీ మనసులో ఒకటొకటిగా దాటుతున్నట్టు పెదవులు కదిపాడు.

“గంటా ఇరవై నిమిషాలు” అన్నాడు చివరకు. “రోడ్డు మీద మంచు లేకపోతే.”

“ఉంటే?”

వెర్లిన్ హార్మ్స్ వేలు మళ్ళీ చిరునామా మొదటికి తెచ్చి, మలుపులను ఈసారి మంచుతో సహా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.