మూడు రోజులు వెలగని కంప్యూటర్

క్రిస్మస్ భోజనాలయ్యాయి. జమ్మలమడుగులో దేవకుమారి ఇంటి అరుగు మీద వక్కాకు పళ్లెం చుట్టూ నలుగురు చేరారంటే ఇక జయకర్ నోటికి తాళం వేసేవాడు లేడు. కలమల్ల కరెంటు ప్లాంటులో క్లర్కుగా చేసి రిటైరైన ఈ మేనమామ కొడుకు ఏటా చెప్పే కథ ఆమెకు కంఠతా వచ్చు. అయినా ఈసారి చెవి ఒగ్గి కూర్చుంది. అమ్మ వరమ్మ పోయాక వచ్చిన తొలి పండుగ ఇది. మేనత్త గురించి బావ ఒక్క మంచిమాటైనా అంటాడేమోనని ఆమె ఆశ.

"తొంభై తొమ్మిది క్రిస్మస్ సెలవులప్పా," అని మొదలుపెట్టాడు జయకర్. "అప్పుడు మన చుట్టాల్లో కంప్యూటర్ ముట్టినోన్ని నేనొగన్నే. ప్రొద్దుటూరులో ఆరువారాలు నేర్చుకున్నా. సెలవులొస్తే సంచి తగిలించుకొని చుట్టాలిండ్లన్నీ తిరిగి ఊరికే బాగుచేసి పెడ్తాంటి, కాఫీ తాగినా వాళ్ల మొహమాటానికే. ఆ ఏడు ఈడికొచ్చినా. మన దేవకుమారి ఊరోళ్ల పెండ్లిపత్రికలు టైపు చేసే కంప్యూటర్ ఈ ముందు గదిలోనే ఉండె. పొద్దున్నే లేచి చూస్తే అది వెలగలే. రెండువేల సంవత్సరం వస్తాందని దాంట్లో ఆ వైటూకే పురుగు దూరిందని చూడంగానే కనిపెట్టినా."

"పురుగంటే ఎట్లుంటాది జయకరప్పా, గొర్రెకు పట్టే పిడుదు మాదిరి ఉంటాదా?" అన్నాడు పక్కింటి సంజీవయ్య. గొర్రెల మందలో పుట్టి పెరిగిన మనిషి, ఆయన అనుమానం ఆయనది.

"పిడుదేంది, పందికొక్కంత! డబ్బా విప్పంగానే బెదిరి ప్రొద్దుటూరు కంప్యూటర్లోకి పారిపోయె. నేను ఫోన్ చేసి, రిసీవర్ ఆడి డబ్బాకు ఆనించమని ఈడ్నుంచి ఒగ కేకేసినా. పులివెందులకు దూకె. ఆడికీ ఒగ కేక! రెండు దినాలు జిల్లా అంతా తరిమినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడో దినం ఇంటి ముందర సుమో ఆగె. కాలం ఎట్లాంటిది? ఎవరి పార్టీ కొట్టో చూసుకొని టీ తాగే కాలం. ఇద్దరు దిగిరి, మీసాలు ఇంతింత. బాంబుల సంచి ఈ అరుగు మీద పెట్టి, 'అన్నా, మాకూ ఈ విద్య చెప్పు' అని చేతులు కట్టుకొనిరి. అంతలో అవతలి పార్టీ సుమో! వాళ్లూ సంచి పెట్టి వీళ్ల ఎనకాల లైన్లో నిలబడిరి. లైన్ యాడిదాకా అనుకుంటిరి? పెన్నా వంతెన దాటె!"

"బాంబుల సంచులు తారుమారు కాలేదా మల్ల?" అన్నాడు సంజీవయ్య.

"యాడ అయితాయి? ఒగోదానికి ఒగో చీటీ టైపు చేసి అంటించినా. నా వేగానికి కీబోర్డు పొగలు చిమ్మి, కలమల్లలో కరెంటు సాలడం లేదని ఫోన్! కడాకు ఉఫ్ అని ఊదినా, కంప్యూటర్ వెలిగె. రెండు పార్టీలోళ్లూ ఒకే సుమోలో ఇండ్లకు పోయిరి. ఆ నెలంతా జిల్లాలో కొట్లాట జరిగుంటే నన్ను చెప్పుతో కొట్టు!"

అరుగు అరుగంతా నవ్వింది. దేవకుమారీ నవ్వింది. ఆ సెలవులు కళ్లముందు కదిలాయి. పళ్లెం నిండా బావ ఊడదీసిన మరలు, పక్కనే అమ్మ చేసిన కజ్జికాయలు. చుట్టాలు గడప దాటడానికి జంకిన ఆ రోజుల్లో ఇంటికి నవ్వు తెచ్చింది ఈ మనిషొక్కడే. ఎన్ని కోతలు కోసినా అందుకే అతనంటే ఆమెకు ప్రాణం.

"పాపం, వరమ్మత్తకు ఏం తెలుసు?" జయకర్ ఆగలేదు. "వైరు ముట్టుకోవాలంటేనే భయం. వాళ్లను చూసి గజగజ వణికి వంటింట్లో దాక్కుండె. నేను లేకుంటే ఆ దినం ఆమె గతి ఏమయ్యుండునో!"

దేవకుమారికి ఒళ్లు మండింది.

"అమ్మ దాక్కోలే బావా. వాళ్లను పిలిపించిందే అమ్మ."

"ఏందీ?"

"నువ్వు బస్సు దిగంగానే టీకొట్టులో ఏమంటివి? 'ఓట్ల లిస్టులన్నీ నేనే టైపు చేసినా, ఎవని పేరు ఉండాల్నో ఎవనిది పోవాల్నో నా చేతిలోనే ఉండె' అంటివి. ఆ ఏడు ఎలక్షన్లలో ఓడిపోయినోళ్ల చెవిన పడె. మమ్మల్ని ఓడగొట్టినోడు వీడేనని బస్టాండు కాడ మనుషులను పెట్టిరి. మరుసటి దినం నువ్వు లింగాల చుట్టాలింటికి బస్సెక్కాల. చెప్తే వినే రకమా నువ్వు? నువ్వు నీళ్లు పోసుకుంటాండంగా అమ్మే కంప్యూటర్ ఎనక వైరు వదులు చేసె. బాగుచేయకుండా కదలవని తెలుసు ఆమెకు."

జయకర్ వక్కాకు పళ్లెం పక్కకు నెట్టి ఆమెకేసి జరిగాడు.

"మూడో దినం అమ్మ వాళ్ల పెద్దాయన ఇంటికి ఒంటరిగా పోయె. 'మావానికి నోరు తప్ప ఏమీ రాదు నాయనా. వైరు వదులైందని మూడు దినాలుగా కనుక్కోలేనోడు మీ లిస్టులు మారుస్తాడా? నమ్మకుంటే మనుషులను పంపి చూసుకో' అనె. ఆ ఇద్దరూ వచ్చి చూస్తే, నువ్వు డబ్బాలోకి టార్చి వేసి పురుగును బూతులు తిడ్తాండావు. కడుపు పట్టుకొని నవ్వి పోయిరి. వాళ్లు అట్ల పోంగానే అమ్మ వైరు బిగించె. అప్పుడు నువ్వు ఊదితివి."

సంజీవయ్య తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. జయకర్ కళ్లు నీళ్లతో నిండాయి, సిగ్గుతోనో అత్త మీద ప్రేమతోనో, బహుశా రెండూనేమో.

"ఇన్నేండ్లూ... అత్త నాకు ఒగ మాటైనా చెప్పలేదే దేవకుమారీ!"

"నేను చెప్తానంటే వద్దనె బావా. 'వానికి చెప్తే సాయంత్రానికి టీకొట్టులో ఉంటాది. ఇంగోసారి వాన్ని కాపాడాలంటే నాకు శాతకాదు' అనె."