ఈరమ్మ ఉంచిన సందు

ఈరమ్మ అని, వడ్రంగం చేసే వడ్ల బ్రమ్మయ్య పెండ్లాం, వాకిట్ల కూసోని నాగలికి మేడి చెక్కుతున్నదంట. మొగడు దొర మీద కొట్లాటకని దళంల కలిసి అడివివట్టి పోయిండు. ఉలి, బాడిస ఇంట్లనే ఉన్నయి. పొట్ట ఊకుంటదా? ఆమెనే చేతవట్టింది. "ఆడిది బాడిస వట్టిందిరో" అని ఊరోళ్లు నవ్విరనుకో. నవ్వినోళ్లే మల్ల నాగండ్లు మోసుకొచ్చిరి, ఏం జేస్తరు! గట్లుంటె ఒకనాడు మిట్టమధ్యాన్నం, మల్సూరు అనే దళపాయన జొన్నసొప్ప మోపు నెత్తినవెట్టుకొని వచ్చిండంట. మోపు ఇప్పితె లోపల తుపాకి. ఇనుము మంచిగనే ఉంది, అది కూసునే కట్టె ఎనక నిలువున పగిలింది. అక్కా, దీనికి కొత్త కట్టె కూసోవెట్టాలె, పోలీసు కేంపోళ్లు ఊరి బయటనే ఉన్నరు, చప్పుడైతదేమో అన్నడు. "వడ్లోల్ల ఇంట్ల చప్పుడు కాకుంటెనే అనుమానవడతరు, కూసో తమ్మీ" అన్నదట.

ఏమైందంటే, మరలు ఇప్పి ఇనుము లేపి చూసెవరకు ఈరమ్మ చెయ్యి ఆగింది. లోపల ఉలిగీతలన్నీ ఎడమకు వాలి ఉన్నయి. బ్రమ్మయ్యది ఎడమచెయ్యి వాటం గదా! "ఈ కట్టె చేసినాయన ఎట్లున్నడు?" అని అడిగింది. "నాకెరుక లేదక్కా. ఎన్నో చేతులు మారి మాకొచ్చింది. చేసినాయన ఉన్నడో లేడో" అన్నడు మల్సూరు. ఆ మాటకు ఆమె మల్ల మల్సూరు మొకం దిక్కు చూడలేదంట. కట్టెతోటే కొట్లాటకు దిగింది. "ఓ మొండోడా! చెప్తినా లేదా? బండిగిర్ర అనుకుంటివా, నలుదిక్కుల బిగిస్తివి?" ఎందుకంటె, ఆయన పోయిననాడు గూడ, దళపోళ్ల తుపాకికి కట్టె చేసుకుంట, ఇదే లొల్లి. తుపాకి పేలితె ఇనుము ఎనకకు తంతది. తన్నే కాడ కట్టె నిండుగ ఆనాలె. ఇనుముకు ఎనక ఉండే తోక కాడ మాత్రం నెత్తిమీది ఎంటికంత సందు ఉండాలె, లేకుంటె ఆ తోకే మేకు లెక్క కట్టెను చీలుస్తది. ఈమె సందు ఉంచుమన్నది. సందు ఉంచితె వడ్లోని పని అంటరా, నలుగురు నవ్వుతరు అని ఆయన. ఆ లొల్లి తెగకముందే దళపోళ్లు పిలిచిరి, పాయె. అన్నం తిని పొమ్మని గూడ అనలేదు ఈమె, కోపం మీద ఉండె.

ఇగ జిట్రేగి చెట్టు గట్టి మొద్దు తీసింది. దీపం మసి ఆముదంల కలిపి ఇనుముకు పూసుడు, కట్టెల అద్దుడు, లేపుడు. ఏడ నల్లగంటితె ఆడ కట్టె ఎత్తుగున్నట్టు, అంత మందమే గీకుడు. మల్ల పూసుడు, మల్ల అద్దుడు, మల్ల లేపుడు. మల్సూరుకే యాష్టకొచ్చింది. "ఇంకెంతసేపక్కా?" "రెండూ కలిసేదాంక" అన్నదట. అంతట నల్లగ అంటినంక, తోక కాడ ఎంటికంత సందు ఉంచింది. "ఎడమచేతి వడ్లాయన కనవడితె ఇది ఇప్పి చూడుమను." "నీ పేరు చెప్పాల్నా?" "అద్దు. ఆయనకెరుకైతది."

వానలొచ్చినయి, పోయినయి. ఎవలు సొప్పమోపు తెచ్చినా ఈరమ్మ కండ్లు దాని మీదనే. మల్సూరు మల్ల వచ్చిండంట, ఇంకో తుపాకితోటి. మర వదులైందక్కా, అంతే అన్నడు. "ఆయన కనవడ్డడా?" "లేదక్కా. నువ్వు చేసిన తుపాకి పైదళపోళ్లు తీస్కపోయిరి. ఇది వాళ్ల కాడికెంచే వచ్చింది." కట్టె కొత్తది, వాసన గూడ పోలే. మర ఇప్పింది, ఇనుము లేపింది. ఉలిగీతలు ఎడమకు వాలి ఉన్నయి. తోక కాడ సందు ఉంది. ఎంటికంతనే. ఆ సందు మీద గోరు వెట్టి కూసున్నదంట ఈరమ్మ. "ఏమైందక్కా?" అంటె, "ఏం కాలే. మా ఆయన నా మాట ఇన్నడు" అన్నదట.

ఇంటికొచ్చిండా అని అడుగుతరు మీరు. నేనెరిగినంతల రాలే. ఆమె అన్నం మాత్రం ఇద్దరికి వండేది. నాకు ఒళ్లు మండేది దేనికంటే, ఓడిపోయిన అని ఒప్పుకోనీకె అడివిల కట్టె చెక్కి పంపుతడా మనిషి? వచ్చి చెప్పరాదా, గడపల నిలవడి!